బెంగళూరు పూలు, మా నాయన

ఫిబ్రవరి వచ్చిందంటే చాలు, మా ఆఫీసులో అందరి స్టేటస్‌లూ గులాబీ రంగే. టబేబుయా పూలండీ. ఎక్కడో దక్షిణ అమెరికా చెట్లు, బెంగళూరులో ఆకులన్నీ రాల్చేసి ఒళ్ళంతా పూస్తాయి.

ఈసారి మా నాయనని ధర్మవరం నుంచి రప్పించా. హిందూపురంలో ఎవరో చింతపండు మూటలతో ఎక్కి కాళ్ళు చాపుకోనివ్వలేదని ఆయన కంప్లైంటు. సరే, ఆదివారం కబ్బన్ పార్కుకి తీసుకెళ్ళా. నిజానికి నా ప్లాను వేరే. నలభై ఏళ్ళు గుంత మగ్గంలో కూర్చుని ఆయన మోకాళ్ళు అరిగిపోయాయి. "మగ్గం తీసేసి వచ్చేయ్ నాయనా" అని అక్కడ మెల్లగా అడగాలని.

ఆయన తలెత్తి చూశాడు. "పూలు బాగుండాయి గానీ, నీడేదిరా?"

ఆరేళ్ళుగా ఫొటోలు తీస్తున్నా, నాకెప్పుడూ తట్టలేదీ మాట! మా వీధిలో కానుగ చెట్లు ఎండలు ముదిరేలోగా లేతాకు తొడుక్కుంటాయి. మధ్యాహ్నం నేతగాళ్ళంతా వాటి కిందే.

తర్వాత రాలిన పువ్వొకటి తీసి, రేకని గోటితో సాగదీసి, "దీనికి ఆకుపచ్చ అంచేసి, జరీ తగ్గిస్తే..." అంటూ లెక్కల్లో పడ్డాడు. పవర్‌లూం చీరలొచ్చి మన బతుకు పాయె అని రోజూ తిట్టుకునే మనిషే! గంటసేపు అదే గోల. నేను అడగాల్సింది అడగలేదు.

రైలెక్కుతూ ఆయనే అన్నాడు, "ఉగాదికి సెలవు పెట్టు. పెనుకొండ కోట ఎక్కుదాం. నా మోకాళ్ళ సంగతి నీకెందుకు?"

1565లో తళ్ళికోట యుద్ధం ఓడాక విజయనగర రాజులు రాజధానిగా చేసుకున్న ఊరది. రైలు కిటికీలోంచి ఎన్నిసార్లు చూశానో ఆ కొండని, ఒక్కసారీ దిగలేదు.

సెలవు అప్లై చేశా. మేనేజరు ఇంకా అప్రూవ్ చెయ్యలేదు.