బొమ్మ జీపు యాక్సిలు, నా రోటావేటర్ బోల్టు

రైతన్నలూ, నవ్వకండి, ఈసారి బొమ్మ జీపు సంగతి రాస్తున్నా. మా చిన్నోడు దసరాకి హైదరాబాద్ నుంచి రిమోట్‌తో నడిచే రాక్ క్రాలర్ తెచ్చాడు. అసలు బండిలో 10వ వంతు సైజు, నాలుగు చక్రాలూ లాగుతాయి. చెరువు గట్టు మీది బండరాళ్లు ఎక్కిస్తుంటే నేనూ పని మానేసి చూశా.

ముందు చక్రం రాళ్ల సందులో ఇరుక్కుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి రేస్ ఇచ్చాడు, టక్‌మని ముందు యాక్సిల్ షాఫ్ట్ విరిగింది. గట్టి స్టీలుది తెప్పించి వేశాడు. అది విరగలేదు గానీ, సంక్రాంతికి వచ్చేసరికి లోపల క్రౌన్ పినియన్ పళ్లు రాలాయి. దెబ్బ మాయమవదు గదా, పక్కదాని మీదికి పోద్ది.

నాకు నా రోటావేటర్ గుర్తొచ్చింది. మొద్దు తగిలినప్పుడల్లా షియర్ బోల్టు తెగుతోందని విసుగొచ్చి, నిరుడు దాని బదులు హైటెన్షన్ బోల్టు బిగించా. బోల్టు నిలిచింది, గేర్‌బాక్స్ పోయింది. 14 వేలు. డబ్బు సంగతి అటుంచండి, మంచి అదునులో నాలుగు రోజులు పోయాయి. బోల్టు ఖరీదు ఎంతని మా ఇంటావిడ ఇప్పటికీ అడుగుద్ది.

చిన్నోడి పని ఒకటి మాత్రం నచ్చింది. కొత్త స్టీలు పళ్లు బిగించేటప్పుడు పల్చటి షిమ్ములు వేసి, క్రౌన్‌కీ పినియన్‌కీ మధ్య ఎక్కువ లూజు తీసి, గ్రీజు పెట్టాడు. పళ్లు సరిగ్గా కలవకపోతే స్టీలైనా అరుగుద్దంట. ఇరుక్కున్నప్పుడు రేస్ ఇవ్వొద్దు, స్టీరింగ్ నేరుగా పెట్టి వెనక్కి తియ్యరా అని నేను చెప్పా. విన్నాడు.

నా టూల్ బాక్స్‌లో ఇప్పుడు డజను షియర్ బోల్టులున్నాయి. మెత్తవే.