నల్లమల వాకిట్లో అతిథులం

హైదరాబాదు నుండి శ్రీశైలం వైపు సాగే రహదారి కడ్తాల్, ఆమన్‌గల్, కల్వకుర్తి ప్రాంతాలను దాటి, డిండి జలాశయం పక్కగా వెళ్లి, అచ్చంపేట సమీపాన హాజీపూర్ కూడలిని చేరుతుంది. అంతవరకు దారికి ఇరువైపులా చేలూ, ఊళ్లూ కనిపిస్తాయి. అక్కడినుండి నేల తీరు మారిపోతుంది. దారి వంపులు తిరుగుతూ కొండ ఎక్కి, అమ్రాబాద్ పీఠభూమి అంచున ఉన్న మన్ననూరుకు చేరుకుంటుంది. అటవీశాఖ తనిఖీ కేంద్రం ఇక్కడే ఉన్నది. రాత్రి 9 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు వాహనాలను ఇక్కడ నిలిపివేస్తారు. తొందరలో ఉన్న పట్నవాసికి ఇది అడ్డంకిగా తోచవచ్చు. కాని ఏ ఇంటికైనా రాత్రివేళ తలుపు వేసుకునే హక్కు ఉంటుంది కదా! పులి, చిరుత, ఎలుగుబంటి, కణితి సంచరించే వేళ అది. మన్ననూరు దాటిన ప్రతి మనిషీ ఆ ఇంట అతిథి.

ఆ ఇల్లు చాలా పెద్దది. ఒకప్పుడు నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంగా ఉన్న అడవిలో, 2014 రాష్ట్ర విభజన తరువాత తెలంగాణకు దక్కిన భాగమే నేటి అమ్రాబాద్ పులుల అభయారణ్యం. దీని విస్తీర్ణం దాదాపు 2,611 చదరపు కిలోమీటర్లు. మన్ననూరు దాటి కొంత దూరం వెళితే ఫర్‌హాబాద్ వస్తుంది. 'ఫరహ్' అంటే ఆనందమని ఉర్దూ తెలిసిన మన ఇళ్లలో వేరుగా చెప్పనక్కరలేదు. నిజాముల కాలంలో ఇది పాలకుల వేట విడిది. నేడు అక్కడ తుపాకీ మోత లేదు. అటవీశాఖ వాహనాలు సందర్శకులను కొండ అంచుకు తీసుకువెళ్లి, కింద పరచుకున్న పచ్చని లోయను చూపిస్తాయి.

ఈ ఇంటికి మనుషులైన యజమానులు కూడా ఉన్నారు. వారు చెంచులు. 'పెంట'లనబడే చిన్న చిన్న గూడేలలో తరతరాలుగా నివసిస్తున్నారు. హైమండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త నిజాం పాలనలో ఈ పీఠభూమిపై వారి నడుమ మసలి రచించిన గ్రంథం 1943లో వెలువడింది. తేనె, జిగురు, ఇప్పపువ్వు, కుంకుడు కాయలు సేకరించి గిరిజన సహకార సంస్థకు అమ్ముకోవడం వారి జీవనాధారాలలో ఒకటి. అడవి కాలితే మనకు ఒక విహారస్థలం తగ్గుతుంది. వారికి ఆ ఏటి ఆదాయమే పోతుంది.

నల్లమల ఆకు రాల్చే అడవి. చలికాలం వెళ్లేసరికి టేకు, నల్లమద్ది, తునికి చెట్లు ఆకులు వదిలివేస్తాయి. నేలంతా ఎండుటాకు పరుపు పరచినట్లవుతుంది. నడుమ మనిషి నడుము ఎత్తున ఎండిన గడ్డి, ఎండు వెదురు పొదలు. ఫిబ్రవరి నుండి మే వరకు ఈ అడవికి ఒక్క నిప్పురవ్వ చాలు. ఇక్కడి కార్చిచ్చు సాధారణంగా చెట్ల కొమ్మలకు ఎగబాకదు. నేల మీద పాకుతూ పోతుంది. అందుకే దూరం నుండి చూసేవారికి పెద్ద చెట్లు నిలిచే ఉన్నాయి కదా, పోయిందేముంది అనిపిస్తుంది. పోయేదంతా నేలమీదే ఉంటుంది. ఆ ఏడాది మొలిచిన చిన్న మొక్కలు, రాలిన గింజలు, నేలపై గూళ్లు కట్టుకునే పక్షుల గుడ్లు, పరుగెత్తలేని తాబేళ్లు, వేసవిలో దుప్పులకు మిగిలిన కాస్త గడ్డి కాలిపోతాయి. ఏటేటా ఇలా జరిగితే ముసలి చెట్లు మిగులుతాయి, వాటి సంతానం మిగలదు. గడ్డి పోయిన చోట దుప్పి ఉండదు. దుప్పి లేని చోట పులి నిలవదు.

ప్రతి కార్చిచ్చుకూ సందర్శకులే కారణమనడం న్యాయం కాదు. పశువులకు కొత్త గడ్డి మొలవాలని నిప్పు పెట్టేవారున్నారు. రాలిన పువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకులు తగలబెట్టేవారూ ఉన్నారు. అయితే రహదారి వెంబడి నడిస్తే మన వంతు ఏమిటో అర్థమవుతుంది. కారు కిటికీ నుండి విసిరిన సిగరెట్ పీక, చెట్టు నీడన మూడు రాళ్లు పెట్టి వండుకుని ఆర్పకుండా వదిలిన పొయ్యి, కబాబుల కోసం రాజేసిన బొగ్గులు ఎండుటాకు పక్కనే ఉంటాయి. పైకి బూడిదగా కనిపించే పొయ్యి లోపల నిప్పు గంటల తరబడి బతికే ఉంటుంది. మధ్యాహ్నపు వడగాలి లేచేసరికి వండుకున్నవారు ఇల్లు చేరి ఉంటారు.

ఆ మంటను ఆర్పేదెవరు? వేసవికి ముందే అటవీ సిబ్బంది ఆకులు ఊడ్చి, గడ్డి కోసి, మంట దాటకుండా ఖాళీ బాటలు సిద్ధం చేస్తారు. ఉపగ్రహాలు గుర్తించిన మంటల సమాచారాన్ని భారత అటవీ సర్వే సంస్థ వారికి అందజేస్తుంది. అయినా చివరకు మంట దగ్గరకు నడిచి వెళ్లవలసింది మనిషే. పచ్చి కొమ్మలతో బాదుతూ, పొగ మింగుతూ, రాళ్ల గుట్టలెక్కి దిగుతూ ఆ పని చేసేవారిలో స్థానిక చెంచు యువకులూ ఉంటారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో నిప్పు పెట్టడమే కాక, ప్రమాదం కలిగేలా నిప్పును వదిలివెళ్లడం కూడా నేరమే. తమకు తెలిసిన మంటను ఆర్పవలసిన బాధ్యతను అదే చట్టం అక్కడ నివసించేవారిపై ఉంచింది. అంటే అతిథి నిర్లక్ష్యానికి ఇంటివారు చెమటోడ్చవలసి వస్తున్నదన్నమాట.

ఈ మాట మన కుటుంబాలకు ఇప్పుడు మరింత అవసరం. చాంద్రమాన గణన వల్ల మన పండుగలు ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతాయి. మన దేశంలో ఈదుల్ ఫిత్ర్ 2024లో ఏప్రిల్ 11న, 2025లో మార్చి 31న వచ్చింది. మరికొన్నేళ్లపాటు అది మార్చి, ఫిబ్రవరి నెలల్లోనే వస్తుంది. నెల రోజుల ఉపవాసాల తరువాత పిల్లాపాపలతో, బిర్యానీ దేగిశాలతో పచ్చని చోటుకు వెళ్లాలనుకోవడం సహజమే. అయితే ఆ సెలవు దినాలు అడవి అగ్గిపెట్టెలా ఉండే దినాలతో కలిసి వస్తున్నాయని కుటుంబ పెద్దలు గుర్తుంచుకోవాలి.

రెండవ బెడద చెత్త. చట్టం అభయారణ్యంలో చెత్త పారవేయడాన్నీ, జంతువులను వేధించడాన్నీ స్పష్టంగా నిషేధించింది. అయినా దారి పక్కన ప్లాస్టిక్ పళ్లేలు, నీళ్ల సీసాలు, చిప్స్ పొట్లాలు, పగిలిన గాజు కనిపిస్తూనే ఉంటాయి. ఉప్పు, నూనె వాసనకు జింక ఆ కవరునే నమిలి మింగుతుంది. అది కడుపులో అరగదు, బయటికి పోదు. గాజు పెంకు అడవి జంతువు గిట్టనూ, వట్టికాళ్లతో నడిచే చెంచు బిడ్డ పాదాన్నీ ఒకేలా కోస్తుంది. ఇక కోతులకు అరటిపండ్లు, రొట్టెలు విసరడాన్ని చాలామంది పుణ్యకార్యంగా భావిస్తున్నారు. ఆ దయ వల్ల కోతులు అడవిలో మేత వెదకడం మాని రోడ్డు మీదే కూర్చుంటున్నాయి, చక్రాల కింద నలిగిపోతున్నాయి. హాని చేసే దయను దయ అనలేము.

మూడవది వాహనాల రద్దీ. కృష్ణకు వరద వచ్చి శ్రీశైలం ఆనకట్ట గేట్లు ఎత్తారన్న వార్త వినగానే వేలాది కుటుంబాలు బయలుదేరుతాయి. దోమలపెంట, ఈగలపెంట దాటాక దారి ఇరుకైన ఘాట్. ఒకవైపు కొండ, మరొకవైపు లోయ. నురగలు కక్కే నీటిని చూడగానే, ఎక్కడ కనిపిస్తే అక్కడే, మలుపులోనైనా సరే కారు ఆపి దిగుతారు. ఒక్కొక్కరు ఐదు నిమిషాలకే ఆపినా వరుస కిలోమీటర్ల పొడవున నిలిచిపోతుంది. మనకు అది విసుగు పుట్టించే ఆలస్యం. అడవిలోని పెంటల వారికి పెద్ద వైద్యం కావాలంటే అచ్చంపేటకో, నాగర్‌కర్నూల్‌కో ఇదే రహదారిపై వెళ్లాలి. ప్రసవవేదనతో ఉన్న తల్లికి దారి మూసుకుపోతే ఆ ఐదు నిమిషాల బాకీ ఎవరి ఖాతాలో రాయాలి?

ఈ అడవిపై మనకు ప్రేమ లేదనలేము. 2019లో ఇక్కడ యురేనియం అన్వేషణ జరగనున్నదన్న వార్తకు రెండు తెలుగు రాష్ట్రాల ప్రజలు స్పందించారు. నల్లమలను కాపాడాలన్న నినాదం పట్టణాల్లోనూ మారుమోగింది. ఆ ఏడాది సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. గనుల నుండి అడవిని కాపాడాలని గొంతెత్తిన పట్టణమే సెలవు రోజున తన చెత్తను అక్కడ వదిలివస్తే ఆ ప్రేమకు అర్థమేముంటుంది?

ప్రియ పాఠకులారా! మనకు ఈ మర్యాదలు కొత్తవి కావు. నిద్రించే ముందు ఇంట్లోని నిప్పును ఆర్పివేయమని దైవప్రవక్త (స) ఆదేశించారు. జనం నడిచే దారిలో, సేదదీరే నీడలో మలవిసర్జన చేయడం శాపానికి కారణమవుతుందని హెచ్చరించారు. దారిలోని బాధాకరమైన వస్తువును తొలగించడాన్ని విశ్వాసపు శాఖలలో ఒకటిగా ఎంచారు. ఆతిథేయికి భారమయ్యేంత కాలం అతిథి ఉండిపోరాదని బోధించారు. వీటిని మనం ఇంటి గడపకూ, వీధికీ మాత్రమే వర్తింపజేసుకుంటున్నాము. మన్ననూరు గేటు దాటాక కూడా అవి వర్తిస్తాయి.

ఆచరణ కష్టమైనదేమీ కాదు. భోజనం ఇంటివద్దనే వండుకుని వెళ్లాలి. వేసవిలో అడవిలో పొయ్యి వెలిగించనే కూడదు. స్టీలు పళ్లేలు, గ్లాసులు, గుడ్డ దస్తర్‌ఖాన్ వెంట ఉంటే చెత్త సగం తగ్గుతుంది. మిగిలినదానికి ఒక సంచీ ఉంచి, దానిని తిరిగి పట్నానికే తేవాలి. నమాజు వేళలను ముందే లెక్కవేసుకుంటే కల్వకుర్తి, అచ్చంపేట వంటి పట్టణాల మసీదులలో ఆగవచ్చు. దారిలో ఆగవలసివస్తే వాహనం పూర్తిగా రోడ్డు దిగాలి. మలుపుల్లో, వంతెనలపై ఆగరాదు. కోతులకు ఏమీ పెట్టకూడదు. ఎక్కడైనా పొగ కనిపిస్తే దాటిపోకుండా సమీపంలోని తనిఖీ కేంద్రంలో చెప్పాలి. ఈ పనులను పిల్లలకే అప్పగిస్తే మంచిది. సంచీ మోసిన బిడ్డ పెద్దయ్యాక కిటికీ నుండి సీసా విసరడు.

మంచి అతిథి వెళ్లిపోయాక ఇంటివారు మళ్లీ ఎప్పుడు వస్తారని అడుగుతారు, చీపురు వెదుక్కోరు. మనం తిరిగివచ్చిన మరునాడు అడవిలో మన ఆనవాలేదీ మిగలకుండా ఉండటమే ఆ ఆతిథ్యానికి మనం చెల్లించగల కృతజ్ఞత.