ఆరో సబ్‌మెరైన్ తర్వాత ఏమిటి?

విశాఖపట్నం బీచ్ రోడ్డు మీద, ఇసుకను ఆనుకుని నిలబెట్టిన సబ్‌మెరైన్ ఐఎన్‌ఎస్ కురుసురలోకి టికెట్టు కొనుక్కుని ఎవరైనా వెళ్లొచ్చు. ఇదే ఊళ్లో హిందూస్థాన్ షిప్‌యార్డు ఉంది, అణు జలాంతర్గాములు కట్టిన షిప్ బిల్డింగ్ సెంటర్ ఉంది, టార్పెడోలను రూపొందించే ఎన్‌ఎస్‌టీఎల్ ఉంది. వాటిని మాత్రం మనలాంటివాళ్లు ప్రహరీ ఇవతలి నుంచి చూసి సరిపెట్టుకోవాల్సిందే. నౌకాదళానికి ఓడలనూ సబ్‌మెరైన్లనూ ఎలా ఎంచుకోవాలి, ఎక్కడ కట్టించాలి అన్న విషయం ఆలోచించడానికి నాకు చేతికందిన సాక్ష్యం కురుసురే. బయటి నుంచి 91 మీటర్ల నల్లటి భారీకాయం. లోపల ఇద్దరు ఎదురుపడితే ఒకరు ఒత్తిగిలి దారి ఇవ్వాలి. ఒక అరలోంచి ఇంకో అరలోకి వెళ్లాలంటే ఉక్కుగోడలో గుండ్రటి కన్నమే దారి. ముందు కాలు పెట్టి, నడుం వంచి, తలను ఆఖర్న లోపలికి తెచ్చుకోవాలి. ముందు అరలో ఆరు టార్పెడో గొట్టాలు, వెనక అరలో నాలుగు. నడుమ మూడు డీజిల్ ఇంజన్లు, మూడు మోటార్లు, తలెత్తితే తగిలేంత కిందికి పైపులు, వాల్వులు, కేబుళ్ల కట్టలు. 75 మంది ఈ గొట్టంలోనే వండుకుని, తిని, వంతులవారీగా పడుకునేవారు. గైడ్లుగా ఉన్నది రిటైరైన నౌకాదళం వాళ్లే. చూడవచ్చినవాళ్లకు టార్పెడోలు ఎన్ని, ఎంత లోతుకు వెళ్లేది అన్నవే ప్రశ్నలు. నా దృష్టి దీని సర్వీసు రికార్డు మీదికి పోయింది.

కురుసుర సోవియట్ యూనియన్‌లో తయారై, 1969 డిసెంబరు 18న రీగాలో మన నౌకాదళంలో చేరింది. 2001 ఫిబ్రవరి 27న సెలవు తీసుకునేలోగా 73,500 నాటికల్ మైళ్లు తిరిగింది. వినడానికి నిండైన జీవితమే. కానీ 1975లో దీన్ని పక్కన పెట్టేశారు. విడిభాగాలు దొరక్క, దీని ఒంట్లోంచి ఊడదీసి తోటి సబ్‌మెరైన్లకు తగిలించారు. 1980లో మరమ్మతు మొదలై, 1985లో గానీ మళ్లీ విధుల్లోకి రాలేదు. అంటే ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో దాదాపు మూడో వంతు ఒడ్డునే గడిచింది. మనం కొన్నది ఓడను. ఆ ఓడను బతికించే చేతులు మాత్రం అమ్మినవాళ్ల దగ్గరే ఉండిపోయాయి. నేను చెప్పదలచుకున్నది ఇదే: నౌకాదళం ఒక ఓడను ఎంచుకున్నప్పుడు నిజానికి ఎంచుకునేది ఏ చేతులకు ఎన్నేళ్లపాటు ఎడతెగని పని ఇవ్వాలన్నది. వేగం, లోతు, క్షిపణుల పరిధి అన్నీ దాని తర్వాతే.

ఇది కార్మికుల మీద జాలితో చెప్పే మాట కాదు, ఉక్కు చెప్పే మాట. 250 మీటర్ల లోతులో సబ్‌మెరైన్ ఒంటి మీద ప్రతి చదరపు మీటరుకూ దాదాపు 250 టన్నుల నీటి ఒత్తిడి పడుతుంది. దాన్ని మోసేది లోపలి ఉక్కు గొట్టం. మందపాటి ప్లేట్లను వంచి రింగులు చేస్తారు, రింగులను కలిపి అతుకుతారు. గుండ్రదనం కాస్త తప్పినా అది తట్టుకోగల లోతు బాగా పడిపోతుంది. గట్టి ఉక్కు కాబట్టి అతికే ముందు అంచులను తగిన వేడికి తెచ్చి, ఆ వేడి తగ్గకుండా చూసుకుంటూ వెల్డింగు చేయాలి; అతుకుకు ఎక్స్‌రే తీసి లోపల బుడగో చీలికో కనిపిస్తే గీకేసి మళ్లీ మొదలుపెట్టాలి. ఈ పనికి మామూలు వెల్డరు పనికిరాడు. డ్రాయింగులు బీరువాలో పెట్టి తాళం వేసుకోవచ్చు గానీ ఈ పనితనాన్ని అలా దాచుకోలేం. మగ్గం మూలపడ్డాక నేతగాడు ఆటో నడుపుకుంటుంటే, పదేళ్ల తర్వాత నూలు తెచ్చిచ్చినంత మాత్రాన చీర రాదు.

మన దేశంలో అదే జరిగింది. 1981 డిసెంబరులో పశ్చిమ జర్మనీ కంపెనీ హెచ్‌డీడబ్ల్యూతో ఒప్పందం కుదిరింది: రెండు సబ్‌మెరైన్లు కీల్‌లో, రెండు ముంబయి మజగావ్ డాక్‌లో. మనవాళ్లు జర్మనీ వెళ్లి నేర్చుకుని వచ్చి కట్టిన శల్కి 1992లో, శంకుల్ 1994లో నౌకాదళంలో చేరాయి. ఐదు, ఆరు కూడా కట్టాల్సింది. కమీషన్ల వివాదం రేగింది, అవి ఆగిపోయాయి, నేర్చిన చేతులు చెల్లాచెదురయ్యాయి. తర్వాత ఫ్రెంచి స్కార్పీన్ సబ్‌మెరైన్ల ఒప్పందం కుదిరేసరికి 2005 అక్టోబరు. మళ్లీ ఓనమాల నుంచి. మొదటిది 2012లో రావాల్సి ఉండగా 2017 డిసెంబరులో వచ్చింది. ఈలోగా అంచనా రూ.18,798 కోట్ల నుంచి రూ.23,562 కోట్లకు పెరిగింది. నీటి మీద తిరిగే ఓడల కథ దీనికి పూర్తిగా భిన్నం. బ్రిటిష్ లియాండర్ డిజైన్‌తో 1972లో నీలగిరి వచ్చింది. అదే మజగావ్ డాక్ వరసగా ఆరు కట్టింది. ఆ అనుభవంతో మన నౌకాదళం డిజైనర్లే గీసిన గోదావరి 1983లో చేరింది, రెండు సీకింగ్ హెలికాప్టర్లను మోస్తూ, సోవియట్ క్షిపణులనూ పాశ్చాత్య, స్వదేశీ పరికరాలనూ ఒకే ఒంట్లో ఇముడ్చుకుని. ఆ తర్వాత 1997లో ఢిల్లీ, 2014లో కోల్‌కతా, 2021లో మన విశాఖపట్నం పేరు పెట్టుకున్న డిస్ట్రాయర్. హైదరాబాద్ డీఎంఆర్‌ఎల్ ప్రయోగశాల రూపొందించిన నౌకల ఉక్కు విక్రాంత్ దాకా వచ్చింది. ఈ వరసలో జాప్యాలు లేకపోలేదు, బోలెడు. గొలుసు మాత్రం తెగలేదు.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం బలమైనదే: శత్రువు మన షిప్‌యార్డు నేర్చుకునేదాకా ఆగుతాడా? తయారుగా ఉన్నది కొనడమే మేలు కదా? చరిత్రలో దీనికి ఆధారం కూడా ఉంది. 1986 నుంచి 2000 దాకా సోవియట్ యూనియన్ నుంచి, ఆపై రష్యా నుంచి వచ్చిన సింధుఘోష్ తరగతి సబ్‌మెరైన్లు పది లేకపోతే, మజగావ్ డాక్‌లో సబ్‌మెరైన్ల పని ఆగిపోయిన ఏళ్లలో మన నౌకాదళానికి నీటి అడుగున చెప్పుకోదగ్గ బలమే ఉండేది కాదు. ఒప్పుకోవాలి. కానీ ఆ పదిలో ఒకటైన సింధుకీర్తి 2006లో మరమ్మతుకు హిందూస్థాన్ షిప్‌యార్డులో చేరి, మూడేళ్ల పని అనుకున్నది తొమ్మిదేళ్లు పట్టి 2015లో బయటికొచ్చింది. సబ్‌మెరైన్ ఒంటిని విప్పి మళ్లీ మూయడం సగం నిర్మాణమే. ఆ అలవాటు లేని చోట కొన్న ఓడ కూడా సమయానికి దక్కదు. ఆ తొమ్మిదేళ్లను తిట్టుకోవడం తేలిక. ఆ తర్వాత అదే యార్డులో సింధువీర్ మరమ్మతు 27 నెలల్లో ముగిసిన సంగతి తక్కువమందికి గుర్తుంటుంది. గోడలు అవే, క్రేన్లు అవే. మొదటి ఓడ మీద నేర్చుకున్నవాళ్లు చెదిరిపోకముందే రెండోది చేతికందింది. తయారువి కొనొద్దని నేననను. కొన్నదాన్ని విప్పగల చేతులు ముందే ఇక్కడ ఉండాలంటాను.

రెండో అభ్యంతరం ఇంకా ఘాటైనది. ఎడతెగని ఆర్డర్లు ఇస్తే ప్రభుత్వ షిప్‌యార్డులు సోమరిపోతులవుతాయి, పోటీ ఉండదు, లంచం తిన్నవాడూ తప్పించుకుంటాడు అంటారు. లంచం ఇచ్చినవాణ్ణి, పుచ్చుకున్నవాణ్ణి జైలుకు పంపాలి, డబ్బు కక్కించాలి. మనం చేసింది అది కాదు, ఓడనే శిక్షించాం. స్కార్పీన్ల కోసం ఎంచిన ఇటలీ బ్లాక్ షార్క్ టార్పెడోలను 2016లో వదులుకున్నారు; వివాదం టార్పెడోల్లో కాదు, వాటిని తయారుచేసే గ్రూపులోని ఇంకో కంపెనీ హెలికాప్టర్లలో. ఫలితంగా కొత్త సబ్‌మెరైన్లు పాత తరం టార్పెడోలతో సముద్రంలోకి దిగాయి. పోటీ సంగతికొస్తే, అది డిజైన్ ఎంచుకునే ముందు ఉండాలి, విడిభాగాల సరఫరాలో ఎప్పుడూ ఉండాలి. ఓడ కట్టే చోటును ప్రతి టెండరుకూ మార్చడం పోటీ కాదు, దుబారా. సంపన్న దేశాలకు కూడా ఇందులో మినహాయింపు లేదు. బ్రిటన్‌లో వాన్‌గార్డ్ సబ్‌మెరైన్ల పని తగ్గుతుండగా, తర్వాతి ఆర్డరు ఆలస్యమై, బారో షిప్‌యార్డులో సుమారు 13,000 మంది సిబ్బంది 3,000కు పడిపోయారు. ఆస్ట్యూట్ కట్టడం మొదలుపెట్టాక అణు సబ్‌మెరైన్లు కట్టిన చరిత్ర ఉన్న ఆ యార్డే అమెరికా ఎలక్ట్రిక్ బోట్ సాయం అడగాల్సి వచ్చింది. ఆస్ట్యూట్ 2010లో, ఏళ్ల ఆలస్యంతో చేరింది.

మన దగ్గర 1999లో ముప్పై ఏళ్ల సబ్‌మెరైన్ ప్రణాళిక ఆమోదం పొందింది: ఇరవై నాలుగు కట్టాలని. కాగితం మీద అది సరిగ్గా ఈ గొలుసు కోసమే రాసింది. ఆచరణలో ప్రతి విడతా అంతకు ముందుదాన్ని మరిపించే కోరికల జాబితాతో మొదలైంది. ఇంకా ఎక్కువ సేపు నీటి కింద ఉండాలి, అందుకు వాడే ఇంజన్ ముందే సముద్రంలో నిరూపణ అయి ఉండాలి, సాంకేతికత మొత్తం మనకు అప్పజెప్పాలి. ఒక్కొక్కటీ న్యాయమైన కోరికే, అన్నీ కలిస్తే పదేళ్లు. ఆరో స్కార్పీన్ వాగ్‌షీర్ 2022 ఏప్రిల్‌లో నీటిలోకి జారింది, 2025 జనవరిలో నౌకాదళంలో చేరింది. వార్తల్లో నిలిచేది రెండో తేదీ. రింగులు అతికేవాళ్ల పని మొదటి తేదీకి చాలా ముందే అయిపోతుంది. తర్వాతి ఆరింటికి టెండరు పిలిచిందే 2021 జూలైలో; టెండరు పిలవగానే ప్లేటు కోత మొదలవదు. కాబట్టి ఒప్పందంలో ఆఖరి ఓడను అప్పగించే గడువుతోపాటు తర్వాతి ఓడకు మొదటి ప్లేటు కోసే గడువు కూడా రాయాలి. డిజైన్ అంతంత మాత్రంగా ఉన్నా సరే, ఉన్నదాన్నే కొద్దికొద్దిగా మెరుగుపరుస్తూ. విశాఖలోనూ ఇదే లెక్క. 2025 జూలైలో నౌకాదళంలో చేరిన నిస్తార్ నౌకను, దాని జత నిపుణ్‌ను హిందూస్థాన్ షిప్‌యార్డే కట్టింది. 2023 ఆగస్టు ఒప్పందంతో ఒక్కొక్కటి 44,000 టన్నుల ఫ్లీట్ సపోర్ట్ షిప్‌లు ఐదింటి పని ఈ యార్డుకే దక్కింది. ఐదోదాని ఉక్కు పని ఏ ఏడాది ముగుస్తుందో యార్డుకు ఇప్పుడే తెలుసు. ఆ ఏడాదికి ఆరో పని ఏమిటో ఢిల్లీ ఇప్పుడే తేల్చాలి.