గేర్ బాక్స్ ఎక్కించిన నాలుగు రోజులు



మన గ్రూపులో హాస్టల్ సీట్లు, స్కాలర్‌షిప్ రెన్యువల్, డీఎస్సీ సిలబస్, పోడు పట్టాల గురించి పోస్టులు చాలా వస్తాయి. గేర్ బాక్స్ గురించి ఎవరూ రాసినట్టు లేదు. చింతపల్లి వైపు నుంచి మేము నలుగురం కలిసి ఇది రాస్తున్నాం. ఇద్దరు అన్నదమ్ములం, మా చెల్లి, ఐటీఐ చదివిన మా బావ. టైపు చేసింది ఒకరే గానీ పక్కన కూర్చుని తప్పులు పట్టింది మిగతా ముగ్గురూ. కొంచెం పెద్ద పోస్టే. ఇంట్లో బండి ఉన్నోళ్ళు ఆఖరిదాకా చదవండి, మిగతావాళ్ళు మీ ఇష్టం.

బండి మా పెద్దన్నయ్యది. అన్నయ్య డీఎడ్ చేశాడు. ఏజెన్సీలో టీచరు పోస్టులన్నీ స్థానిక ఎస్టీలకే అన్న జీవో నెంబర్ 3 మీద ఆశ పెట్టుకున్న వేలమందిలో అతనూ ఒకడు. 2000లో వచ్చిన ఆ జీవోని 2020 ఏప్రిల్‌లో కొట్టేశాక మన ఇళ్ళల్లో ఏమైందో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. అన్నయ్య రెండేళ్ళు ఎదురుచూసి, ఇక లాభం లేదని ఫైనాన్స్ మీద ఒక పాత డీజిల్ పికప్ తీసుకున్నాడు. సంత రోజు పసుపు, మిరియాలు, రాజ్‌మా బస్తాలు దింపుతాడు. తిరుగు ట్రిప్పులో ఉప్పు, సిమెంటు, మనుషులు. మెయిన్ రోడ్డుకి మా ఊరు ఏడు కిలోమీటర్లు లోపల. ఆ ఏడు కిలోమీటర్లకి అంబులెన్సూ అదే, బస్సూ అదే.

జనవరిలో, కాఫీ సీజన్ చివరకి వచ్చిన టైములో, లంబసింగి ఘాట్ ఎక్కుతుంటే బండి మొండికేసింది. ఇంజిన్ అరుస్తోంది గానీ చక్రం కదలట్లేదు. క్యాబిన్ నిండా కాలిన గోనె వాసన. క్లచ్ ప్లేటు అరిగిపోయింది. బస్తాలు వేరే బండికి మార్చి, మొదటి గేరులో పాక్కుంటూ ఇంటికి తెచ్చాడు. కింద గ్యారేజీకి ఫోన్ చేస్తే బండిని ఘాట్ కిందికి లాక్కుపోవడానికే ఆరు వేలు అన్నారు. లేబరు వేరే, సామాను వేరే, వారం రోజులు టైము. నెలాఖరుకి కిస్తీ కట్టాలి. అప్పుడు బావ అన్నాడు, "నేనున్నాను గదా, ఇంటి దగ్గరే ఇప్పేద్దాం" అని.

క్లచ్ అంటే తెలియనోళ్ళకి ఒక మాట. తిరగలి రాళ్ళు రెండూ తెలుసు గదా. ఆ రెండు రాళ్ళ మధ్య ఒక పలచని రేకు పళ్ళెం పెట్టారనుకోండి. రాళ్ళు గట్టిగా నొక్కితే పళ్ళెం కూడా వాటితోపాటు తిరుగుతుంది, వదిలేస్తే నిలబడిపోతుంది. ఆ రాళ్ళు ఇంజినువి. ఆ పళ్ళెమే క్లచ్ ప్లేటు. పళ్ళెం నడుమ బొక్కలోకి గేర్ బాక్స్ నుంచి వచ్చే ఇరుసు దూరుతుంది. దాన్ని ఇన్‌పుట్ షాఫ్ట్ అంటారు. షాఫ్టుకీ బొక్కకీ పళ్ళుంటాయి, ఒకదాంట్లో ఒకటి కూర్చోవాలి. ప్లేటు మార్చాలంటే గేర్ బాక్స్ మొత్తం దించాల్సిందే. ప్లేటు చూస్తే అన్నం పళ్ళెమంత, దానికోసం బియ్యం బస్తా అంత బరువున్న ఇనుము దించాలి. పైగా బస్తాకైతే మూలలుంటాయి పట్టుకోవడానికి, గేర్ బాక్సుకి అదీ లేదు. గుండ్రంగా, జిడ్డుగా, చేతిలోంచి జారిపోతుంది.

దించడం ఒక్క రోజులో అయిపోయింది. దాని గురించి ఎక్కువ రాయం, ఎవరైనా ఇప్పగలరు. రెండు సంగతులు మాత్రం గుర్తుపెట్టుకోండి. ఒకటి, జాకీ మీద నిలబడిన బండి కిందకి ఎవరూ దూరకూడదు. చాసిస్ కింద నాలుగువైపులా మద్ది దుంగలు పెట్టి, బండిని ఊపి చూసి, అప్పుడే పడుకున్నాం. రెండు, వెనక చక్రాలకి వెళ్ళే పొడుగు షాఫ్ట్ ఇప్పేముందు రెండు ముక్కలకీ కలిపి గుర్తు గీయాలి. అదే స్థానంలో తిరిగి పెట్టకపోతే బండి వణుకుతుంది. సుద్దముక్క గీత జిడ్డుకి చెరిగిపోతుందని వదిన గోళ్ళరంగు తెచ్చింది. ఎర్రగా బాగా కనబడింది. ఆ సీసా మళ్ళీ వదినకి చేరలేదు, అది వేరే గొడవ.

రెండో రోజు పొద్దున్న నర్సీపట్నం నుంచి కొత్త ప్లేటు వచ్చింది. ముందురోజు ఫోన్‌లో మోడలు, సంవత్సరం అన్నీ చెప్పి, డబ్బులు పంపి, బస్సులో వేయించుకున్నాం. బావ అట్టపెట్టె ఇప్పగానే ఫ్లైవీల్ దగ్గరకి పోకుండా, నేరుగా కింద ఉన్న గేర్ బాక్స్ షాఫ్టుకి తొడిగి చూశాడు. తొడగట్లేదు. పళ్ళ లెక్క వేరు. బయటి కొలత సరిపోయింది, నడుమ బొక్క సరిపోలేదు. షాపాయనకి ఫోన్ చేస్తే, "మీరు సరిగ్గా పెట్టడం రాక అంటున్నారేమో, మెకానిక్‌కి ఇవ్వండి" అన్నాడు. బావ ఫోన్ తీసుకుని, పళ్ళు లెక్కపెట్టి రెండు సంఖ్యలూ చెప్పాడు. అవతల కాసేపు మాటలేదు. తర్వాత "తీసుకురండి, మారుస్తాం" అన్నాడు. తీసుకెళ్ళడం అంటే రానూపోనూ వంద కిలోమీటర్లు. ఒకరం బస్సెక్కాం.

ఇక్కడ ఒక మాట అనాలనిపిస్తోంది. మా మండలంలో మేము చూసినంతవరకు బండ్లు నడిపేది మనవాళ్ళు, క్లీనర్లు మనవాళ్ళు, కాలిపోయిన క్లచ్‌కి డబ్బులు కట్టేది మనవాళ్ళు. స్పానరు పట్టి గ్యారేజీ పెట్టుకున్నది, సామాను అమ్మేది ఎక్కువగా కింద నుంచి వచ్చినోళ్ళే. వాళ్ళ కష్టాన్ని తక్కువ చెయ్యట్లేదు. కానీ మనోడు ఫోన్ చేస్తే "మీకు రాదు" అనే మాట ముందే నోట్లో ఎందుకు ఉంటుంది? బావ చదివింది మెకానిక్ డీజిల్, ఏడాది కోర్సు. మోటార్ వెహికల్ మెకానిక్ అయితే రెండేళ్ళు. మన హాస్టళ్ళలో టెన్త్ అయ్యాక ఐటీఐ అంటే మార్కులు రానోళ్ళు పోయేది అన్నట్టు మాట్లాడతారు. ఆ రోజు పళ్ళు లెక్కపెట్టి చెప్పినోడు మా ఇంట్లో లేకపోతే మాకు ఇంకో నాలుగు రోజులు పోయేవి.

ఆ సాయంత్రమే పై వీధి పిన్నికి జ్వరం ఎక్కువైంది. మూడు రోజుల నుంచి ఉందట. ఒళ్ళు కాలిపోతోంది, మాట తడబడుతోంది. జనం అలవాటుగా మా ఇంటికే పరుగెత్తుకొచ్చారు. బండి చూస్తే దుంగల మీద, కింద పొట్ట ఖాళీగా. అన్నయ్య మొహం చూడలేకపోయాం. వెదురు బొంగుకి దుప్పటి కట్టి డోలీ చేశాం. ఏడు కిలోమీటర్లు, చలి, చీకటి, సెల్‌ఫోన్ లైట్లు. నలుగురు నలుగురు భుజం మార్చుకుంటూ మెయిన్ రోడ్డు చేరేసరికి రాత్రి పదయింది. అక్కడికి ఆటో చెప్పి ఉంచాం. పిన్నికి మలేరియా అన్నారు, మందులు పడ్డాయి, ఇప్పుడు బాగుంది. కానీ ఆ రాత్రి తిరిగి నడుస్తుంటే ఎవరం మాట్లాడలేదు. డోలీల గురించి మనం ఎన్ని మెమోరాండాలు ఇచ్చాం! రోడ్డు పడ్డాక మా ఊళ్ళో డోలీ మోయడం అదే మొదటిసారి.

మూడో రోజు సరైన ప్లేటు వచ్చింది. షాఫ్టుకి తొడిగి చూస్తే చక్కగా జారింది. ఇప్పుడు అసలు పని. ప్లేటుని ఇంజినుకి బిగించేటప్పుడు సరిగ్గా నడిమధ్యలో ఉండాలి. గోరు మందం పక్కకి జరిగినా షాఫ్ట్ దూరదు. షాపుల్లో దీనికి ఒక పనిముట్టు ఉంటుంది, లేదా పాత షాఫ్ట్ ముక్క వాడతారు. మా దగ్గర రెండూ లేవు. తాతకి షాఫ్ట్ చూపించి అడిగాం. తాత దానివంక ఒకసారి చూసి, "నాగలి మేడి కంటే కష్టమా ఏటి" అని ఏగిస కర్ర ముక్క తెచ్చి, కత్తితో చెక్కడం మొదలెట్టాడు. కొన సన్నగా, లోపలి బేరింగులో పట్టేలా. నడుమ లావుగా, ప్లేటు బొక్కకి బిర్రుగా. నాలుగుసార్లు పెట్టి చూసి, గాజుపెంకుతో గీకి, గంటన్నరలో ఇచ్చాడు. దాన్ని దూర్చి, ప్రెజర్ ప్లేటు బోల్టులు ఎదురెదురుగా ఒక్కో చుట్టు చొప్పున బిగించి, కర్ర లాగేశాం.

తర్వాత ఎత్తడం. గ్యారేజీలో అయితే పొడుగు జాకీ ఉంటుంది. మేము క్యాబిన్‌లో గేర్ రాడ్డు వచ్చే బొక్కలోంచి మోకు కిందికి దించాం. రెండు తలుపుల మధ్య అడ్డంగా ఒక గట్టి కర్ర పెట్టి, మోకు దానికి చుట్టి, మధ్యలో చిన్న కర్ర దూర్చి మెలి తిప్పుతుంటే గేర్ బాక్స్ అంగుళం అంగుళం లేచింది. కింద ఇద్దరం దాన్ని మోకాళ్ళతో, చేతులతో నెట్టుతున్నాం. లేచింది. ముందుకు జరిగింది. షాఫ్ట్ లోపలికి పోయింది. ఆగిపోయింది.

ఇంకో అంగుళం ఉంది.

ఆ అంగుళం గురించే ఈ పోస్టు అసలు. మధ్యాహ్నం రెండు నుంచి చీకటి పడేదాకా ఆ అంగుళం తగ్గలేదు. ఊపాం, నెట్టాం, దించాం, మళ్ళీ ఎత్తాం. టాప్ గేరులో వేసి, బాక్స్ వెనక కొసని చేత్తో తిప్పుతుంటే షాఫ్ట్ కూడా తిరుగుతుంది, పళ్ళు కలుస్తాయి అని బావ చెప్పాడు. చెల్లి వెనక కూర్చుని తిప్పుతూనే ఉంది. పళ్ళు కలిశాయి, అది తెలుస్తోంది, ఇంజిన్ వైపు పట్టుకుని లాగుతోంది. అంగుళం మాత్రం అలాగే ఉంది. మంచు పడ్డం మొదలైంది. ఆ చలికి ఇనుము ముట్టుకుంటే వేళ్ళు అంటుకుపోతున్నట్టుంది. కంట్లో మట్టి, మోచేతులకి గీతలు.

దారినపోయే ఇంకో డ్రైవరు మామ వంగి చూసి, "బోల్టులు పెట్టి బిగించీండ్రా, అదే వచ్చేస్తాది" అన్నాడు. అన్నయ్యకి అదే సరైందనిపించింది. రెండు రోజుల్లో సంత, నెలాఖరుకి కిస్తీ, నిన్న రాత్రి డోలీ. "బిగించేద్దాం బావా" అన్నాడు. బావ ఒప్పుకోలేదు. బోల్టుతో లాగితే బాక్స్ చెవి విరుగుతుంది, లేకపోతే కొత్త ప్లేటు నడుము వంగుతుంది, అప్పుడు బాక్స్ కూడా కొనాలి అన్నాడు. అన్నయ్య గొంతు పెంచాడు. "బండి నాది, అప్పు నాది" అన్నాడు. బావ స్పానరు కింద పెట్టి, "అయితే నువ్వే బిగించు, నేను పోతాను" అన్నాడు. ఇంటి అల్లుడు అలిగి గుమ్మం దాటితే ఏమవుతుందో మీకు తెలుసు. అమ్మ వచ్చి ఇద్దరినీ అంబలికి పిలిచింది. బోల్టు బిగించలేదు. బాక్సుని అలాగే మోకుకి వేలాడదీసి, కింద దుంగ పెట్టి, పడుకున్నాం.

నాలుగో రోజు తెల్లారి చెల్లి ఒక్కతే వెళ్ళి బండి కింద పడుకుంది. సన్న చెయ్యి గదా, ఇంజినుకీ బాక్సుకీ మధ్య సందులో వేళ్ళు దూర్చి చుట్టూ కొలిచింది. లోపలికి వచ్చి, "కింద రెండు వేళ్ళు పడుతున్నాయి, పైన ఒకటే పడుతోంది" అంది. బావ ఒక్క ఉదుటున లేచాడు. సంగతేమిటంటే, గేర్ బాక్స్ తీసేస్తే ఇంజిన్ వెనక భాగానికి ఆధారం ఉండదు. అందుకే దాని కింద పలక వేసి దుంగ పెట్టాం. అది సిమెంటు గచ్చు కాదు, మా వాకిలి. రాత్రిళ్ళ మంచుకి మట్టి మెత్తబడి, దుంగ రెండు వేళ్ళంత దిగిపోయింది. ఇంజిన్ వెనక్కి వాలింది. బాక్స్ తిన్నగా ఉంది, ఇంజిన్ వంకరగా ఉంది. షాఫ్ట్ ఎలా పోతుంది?

దుంగ కింద రాతిపలక వేసి, జాకీతో ఇంజిన్ వెనక భాగాన్ని కొంచెం కొంచెం లేపాం. చెల్లి వేళ్ళతో కొలుస్తూ "ఇంకొంచెం, ఇంకొంచెం, చాలు" అంది. పైనా కిందా ఒకే సందు. రెండు పొడుగు బోల్టులకి తలలు కోసి, దారి చూపే మేకుల్లా రెండు పక్కల బిగించాం. అన్నయ్య వెనక నుంచి నెట్టాడు. నెట్టాడు అనడం కూడా ఎక్కువే, అరచెయ్యి వేశాడు. టక్కుమని వెళ్ళి అతుక్కుంది. నిన్నంతా ఏడుగురం నెట్టితే రానిది.

మిగతాది మామూలు పనే. పై బోల్టులు చెల్లి చేతికే అందాయి, అవన్నీ తనే ఎక్కించింది. స్టార్టర్, కింద అడ్డపట్టీ, పొడుగు షాఫ్ట్ గోళ్ళరంగు గీతలు కలిపి, స్పీడోమీటర్ కేబుల్, 80-90 గేర్ ఆయిల్ పక్క బొక్కలోంచి పొర్లేదాకా. క్లచ్ సిలిండర్ ఇంకా బిగించకముందే పక్కింటి బుడ్డోడు క్యాబిన్ ఎక్కి పెడల్ తొక్కాడు, పిస్టన్ ఊడి ఆయిల్ అంతా బావ చొక్కా మీద. దాన్ని కడిగి, తిరిగి పెట్టి, గాలి తీయడానికి ఇంకో గంట. పెడల్ తొక్కి పట్టుకో, నిపుల్ వదులు, బిగించు, పెడల్ వదులు. ఇది కనీసం ముప్పైసార్లు.

సాయంత్రం నాలుగింటికి స్టార్ట్ చేశాం. మొదటి గేరు మెత్తగా పడింది. అన్నయ్య ఖాళీ బండితో మెయిన్ రోడ్డు దాకా వెళ్ళొచ్చి, బావకి తాళం ఇచ్చి "నువ్వు కూడా తోలి చూడు" అన్నాడు. ఇద్దరూ దాని మీద ఇంకేమీ మాట్లాడుకోలేదు. కొత్త ప్లేటు కుదురుకోవాలని మొదటి సంతకి సగం లోడే వేశారు. పిన్నిని రెండో చెకప్‌కి అదే బండిలో తీసుకెళ్ళాం.

రివర్స్ లైటు మాత్రం ఇంకా వెలగట్లేదు. ఎక్కడో వైరు తెగింది, వెతుకుతున్నాం. తాత చెక్కిన ఏగిస ముక్క చూరులో పెట్టి ఉంచాం. చుట్టుపక్కల అదే మోడల్ పికప్ ఉన్నోళ్ళకి కావాలంటే ఇస్తాం, పని అయ్యాక తిరిగివ్వాలి. బావ వస్తాడా అని అడిగితే, ఆదివారాలు వస్తాడు.