రాత్రిపూట పలకని పేరు

మా సిరోంచలో చీకటి పడ్డాక పామును పాము అనరు, పురుగు అంటారు. కరిచిందని కూడా అనరు, "పురుగు ముట్టింది" అంటారు. పేరు పలికితే పిలిచినట్టేనని మా బాపమ్మ నమ్మకం. వానకాలం రాత్రి నేను వాకిట్లోకి పోబోతే, "బిడ్డా, పురుగు పుట్ర తిరిగే యాళ్ల, దీపం పట్టుకపో" అనేది. తను మాత్రం గడప మీద కర్రతో రెండు దెబ్బలు కొట్టాకే కాలు బయటపెట్టేది.

ప్రాణహిత గోదావరిలో కలిసే చోట, ఈవల గడ్చిరోలి జిల్లాలో మేము, ఆవల కాళేశ్వరం. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, అడవి పల్లెల్లో గోండీ, మాడియా. ఏ భాషవాళ్లయినా ఇక్కడ నేలను పట్టుకునే బతకాలి. ఇప్పపూలు ఏరాలన్నా, తునికాకు తెంపాలన్నా, వరి కోయాలన్నా నడుం వంచి ఆకుల్లోకి, గడ్డిలోకి చెయ్యి పెట్టాల్సిందే. అక్కడ తేలు ఉంటుంది, జెర్రి ఉంటుంది, రక్తపింజరి ఉంటుంది. ఇంటికొచ్చి చాప పరిస్తే దోమ, కట్లపాము. ఇన్నిటికీ కలిపి మన నోట ఒకే మాట: పురుగూ పుట్రా.

అన్నిటినీ ఒకే మాట కింద కప్పేస్తే ఏమవుతుందో నేను చిన్నప్పుడే చూశాను. మా వాడకట్టు పిల్లవాడొకడు నడిరాత్రి కడుపునొప్పితో లేచాడు. ఒంటి మీద గాటు కనిపించలేదు, వాపు లేదు. అరగలేదేమోనని వాము నమిలించారు. తెల్లవారేసరికి కనురెప్పలు వాలిపోయాయి, మాట ముద్దముద్దయింది. పురుగు ముట్టిందేమోనన్న అనుమానం అప్పుడు వచ్చింది. బండి కట్టేలోపే ఊపిరి ఆగిపోయింది.

అది కట్లపాము తీరని చాలా ఏళ్లకు తెలుసుకున్నాను. నల్లటి నిగనిగల ఒంటి మీద సన్నటి తెల్లని కట్లుంటాయి. రాత్రి తిరుగుతుంది, నేల మీద నిద్రపోయేవాళ్లను కాటేస్తుంది. కాటు నొప్పి చాలామందికి తెలియనే తెలియదు. విషం మెల్లగా నరాలను పట్టి ఊపిరి తీసే కండరాలను నిలిపేస్తుంది. రక్తపింజరి కాటు అట్లా కాదు. కాలు పొంగుతుంది, మంటలెత్తుతుంది, నెత్తురు గడ్డకట్టడం మానేస్తుంది. ఎర్రతేలు కుడితే ఒళ్లంతా చెమటలు పోసి, కాళ్లూ చేతులూ చల్లబడి, దెబ్బ గుండెకు తగులుతుంది.

ఈ తేడా పట్టుకున్నవాళ్లే ప్రాణాలు నిలిపారు. మన మహారాష్ట్రలోనే, కొంకణంలోని మహాడ్‌లో, డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ తేలు కుట్టినవాళ్ల పక్కనే రాత్రుళ్లు కూర్చుని చూశారు. గుండె దెబ్బతిని ఊపిరితిత్తుల్లో నీరు చేరడం వల్లే చనిపోతున్నారని గుర్తించారు. రక్తపోటుకు వాడే ప్రాజోసిన్ మాత్రను 1980లలో దీనికి వాడి ఎందరినో బతికించారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అంతకు చాలా ముందు, మలేరియా ఎట్లా పాకుతుందో వెతుకుతూ డాక్టర్ రోనాల్డ్ రాస్ రెండేళ్లు దోమలను కోసి చూశాడు. అవి మలేరియాను మోసే దోమలు కావు. రెక్కల మీద మచ్చలున్న దోమను పట్టాకే, 1897 ఆగస్టు 20న, సికింద్రాబాద్‌లో జ్వరం గుట్టు దొరికింది. రాష్ట్రంలో మలేరియా ఎక్కువగా ఉన్న జిల్లాల్లో ఇప్పటికీ మా గడ్చిరోలి ఒకటి. ఆ మచ్చల రెక్కల దోమ గోడ మీద వెనకభాగం పైకెత్తి ఏటవాలుగా వాలుతుందని మా ఇళ్లలో ప్రతి బిడ్డకూ తెలియాలి.

2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకుల అంచనా. ఎక్కువమంది పల్లెవాళ్లు, ఎక్కువ చావులు వానకాలంలో. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటికీ పనిచేసే విరుగుడు మందు ఒక్కటే. అందుకే ఏ పామో తేల్చడానికి దాని వెంట పడొద్దు. మనిషి ఒంట్లో కనిపించే గుర్తులు చాలు. తాడు బిగించొద్దు, గాటు కోయొద్దు. విరిగిన కాలికి కట్టినట్టు బద్ద కట్టి, కదలనీయకుండా దవాఖానాకు తీసుకుపోవాలి. మంత్రం వేయించాలనే పెద్దల మనసు నేను కాదనను. ఆ మంత్రమేదో బండిలో కూర్చునే చదవమంటాను.

గుర్తులు వేరైనా, కాపు మాత్రం చాలావరకు ఒకటే. మంచం మీద పడుకుని, దోమతెర అంచులు పరుపు కింద గట్టిగా దోపుకుంటే దోమ రాదు, తేలు పాకదు, కట్లపాము చేరదు. సర్కారు పంచిన తెర చాలా ఇళ్లలో ఇంకా మడత విప్పకుండా పెట్టెలోనే ఉండటం చూస్తే నాకు దుఃఖం వస్తుంది.

ఇప్పుడు రాత్రి నా మనవరాలికి తెర నాలుగు మూలలూ నేనే కడతాను. అంచులు దోపుతూ గొంతు తగ్గించకుండా చెబుతాను: "ఇది కట్లపాము రాకుండా, బిడ్డా. కడుపులో నొప్పి లేచినా, కండ్లు మూతలు పడుతున్నా నన్ను లేపు." బాపమ్మ పలకొద్దన్న పేరే అది. ఆమె భయమూ నా భయమూ ఒకటే. ఆమె చేతి కర్ర కూడా ఇంకా మా గడప దగ్గరే ఉంది.