మిద్దె మీద కొత్త జంట

చిత్తూరులో పొద్దున్నే బస్సెక్కినా చంద్రగిరి దాటేసరికే ఎండ చురుక్కుమనిపించింది. తిరుపతి కొర్లగుంటలో పిట్టలు పెంచే ఒక అన్న మిద్దె ఎక్కేటప్పటికి చొక్కా తడిసిపోయింది. ఆయన ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి రిటైరయినాడు. పేరు మాత్రం రాయొద్దన్నాడు. రాస్తే జంట ఎంతకిస్తావని రేపట్నుంచి గేటు కొడతారట.

నా దగ్గర రెండు జంటల జీబ్రా ఫించ్‌లున్నాయి. ఈ ఏడాది వాటి సరసన కొత్త జాతి ఒకటి పెంచాలని కోరిక. ఏది తెస్తే బాగుంటుందో అడగడానికే వెళ్లాను.

పంజరం అనడానికి లేదు, చిన్న గదే. పన్నెండడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, నిలబడి తిరగొచ్చు. పాము గానీ చుంచెలుక గానీ దూరకుండా సన్న కన్ను జాలీ. ఒక తలుపు మూశాకే రెండోది తెరవాలి. ఇనుప కాళ్ల మొదట్లో చీమలెక్కకుండా గ్రీజు పూశాడు. మెకానిక్ బుద్ధి ఎక్కడికి పోతుంది! లోపల నాలుగు జంటల బెంగాలీ ఫించ్‌లు, మూడు జంటల జీబ్రాలు. వీధిలో పిల్లలకు మాత్రం అన్నీ లవ్‌బర్డ్సే.

మేతకు ఆయన షాపు పొట్లాలు వాడడు. వదిన వంటింటి డబ్బాల్లోంచే కొర్రలు, సామలు, వరిగలు, కొంచెం సజ్జలు కలుపుతాడు. కొర్ర కంకి ఒకటి గుచ్చి వేలాడదీయగానే ఏడు జంటలూ దాని చుట్టూ మూగాయి. పట్నాల్లో ఇదే కంకిని పక్షుల మేతని ప్యాకెట్లో పెట్టి అమ్ముతారు. మన రాయలసీమలో పొలానికి పోయి అడిగితే ఊరికే ఇస్తారు. గుడ్లు పెట్టే పక్షికి సున్నం కావాలి గనక ఒక మూల పచారీ కొట్లో దొరికే సముద్రపు నురుగు ముక్క కట్టాడు. పిల్లలున్న రోజుల్లో ఉడికించిన కోడిగుడ్డు చిదిమి పెడతాడు.

"ఏది తెచ్చుకోమంటావన్నా?" అన్నాను.

"ఏది తేవాలని కాదు నాయనా, లోపలున్న దాంట్లో ఏది పోవాలో ముందు చూడు" అన్నాడు, ఒక ముంత దించి నా చేతిలో పెడుతూ.

బెంగాలీలు వదిలేసిన గూడు. పైన ఎండుగడ్డి పరుపు. వేలితో తొలిస్తే కింద చల్లబడిపోయిన నాలుగు గుడ్లు, తెల్లగా, చింతగింజ కంటే కొంచెం పెద్దవి. జీబ్రా మగది ఊరికే ఉండదు. ఎవరి గూడని చూడకుండా దూరి, గుడ్ల మీదే గడ్డి పరిచి మళ్లీ మొదలుపెడుతుంది. బెంగాలీ సాధువు, ఎదురు తిరగదు. కొత్తగా పెంచేవాళ్లందరికీ ముందు జీబ్రా తెచ్చుకోమనే చెబుతాం. నేనూ చెప్పాను. అది విడిగా ఉంటే బంగారం. పదిమందిలో పెడితే ఇదీ దాని నిర్వాకం.

ఔల్ ఫించ్ తెస్తానన్నాను. గుడ్లగూబ ముఖం లాంటి ముఖం, రొమ్ము మీద రెండు నల్ల గీతలు, చూడ ముచ్చటైన పిట్ట. ఆయన వద్దన్నాడు. జీబ్రాకూ దానికీ జత కుదురుతుంది, అటూ ఇటూ కాని పిల్లలు పుడతాయి. కట్‌త్రోట్ సంగతి ఎత్తనే వద్దన్నాడు, గూళ్లల్లో పడి పిల్లల్ని లాగేస్తుందట. జావా పిట్ట జీబ్రాకు రెండింతలు బరువు, ముక్కు సుత్తి లాంటిది. పైగా అది వన్యప్రాణుల వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ ఒప్పందంలోని రెండో అనుబంధంలో ఉంది. 2022 వన్యప్రాణి చట్ట సవరణ, 2024 నిబంధనలు వచ్చాక అలాంటివి ఉన్నవాళ్లు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. ఆయన దగ్గరున్న ఒక జావా జంటను అలా నమోదు చేయించి వేరే పంజరంలో పెట్టాడు.

నా మనసు నిజానికి ఎర్ర జినువాయి మీద ఉంది. మగది ఎర్రగా, ఒంటినిండా తెల్లచుక్కలతో ఉంటుంది. ఒకప్పుడు అహ్మదాబాద్ నుంచి ఎగుమతయ్యేది, అందుకే దాని శాస్త్రీయ నామం అమండవా. 1972 వన్యప్రాణి చట్టానికి 1991లో సవరణ వచ్చాక మన అడవి పిట్టల్ని పట్టడం, అమ్మడం నేరం. ఆ మాట ఎత్తగానే ఆయన, "జైల్లో కొర్రలు పెట్టరు సామీ" అన్నాడు. తమాషా ఏమంటే బెంగాలీ పిట్ట పూర్వీకుడు కూడా జినువాయి జాతే. చైనా నుంచి జపాన్‌కు పోయి, అక్కడ తరతరాలు పెంపకంలో ఉండి ఈ రూపానికొచ్చింది. బెంగాల్‌తో దానికి చుట్టరికమే లేదు.

మరి ఆయన ఏది ఎంచుకున్నాడు? మెట్ల గదిలోకి తీసుకుపోయాడు. చిన్న పంజరంలో గౌల్డియన్ జంట. ఆకుపచ్చ వీపు, ఊదా రొమ్ము, పసుపు పొట్ట. పక్షి శాస్త్రజ్ఞుడు జాన్ గౌల్డ్ తన భార్య ఎలిజబెత్ పేరు పెట్టిన ఆస్ట్రేలియా పిట్ట. 1960 నుంచి ఆ దేశం అడవి పిట్టల ఎగుమతి ఆపేసింది గనక ఇవన్నీ పంజరాల్లో పుట్టినవే. ఎర్ర తలది కాకుండా నల్ల తలది తెచ్చాడు. ఎర్ర తలవి గొడవకు ముందుంటాయి. ఇచ్చిన స్నేహితుడు పంపిన ఫొటో ఫోన్‌లో చూపించాడు: రెండు రోజుల పిల్ల, ఒంటి మీద నూగు కూడా లేదు, తెరిచిన నోటి మూలల్లో మాత్రం నీలి పూసలు. చీకటి గూట్లో ఆ పూసలు ఉన్న కాస్త వెలుగునూ తిప్పి కొడతాయి, తల్లికి నోరెక్కడో తెలుస్తుంది. ఫొటో పెద్దది చేసి చాలాసేపు చూశాను.

గోడ మీద సుద్దముక్కతో ఇరవయ్యారు గీతలున్నాయి. నలభై రోజులు పూర్తయితేనే లోపలికి. నాకు చెంప పగిలినట్టయింది. నిరుడు ఒక షాపులో కొన్న జంటను అదే సాయంత్రం పాతవాటితో కలిపేశాను. పది రోజుల్లో నాలుగు పోయాయి. షాపువాణ్ణి తిట్టుకున్నాను గానీ నలభై రోజులు ఆగనిది నేనే.

గౌల్డియన్లు లోపలికొచ్చే రోజుకు గూళ్లన్నీ దించి, తుడిచి, కొత్త చోట్ల కడతాడట, ఎవరికీ పాత ఇల్లనేది లేకుండా. జంటకు రెండు ముంతల లెక్క, అన్నీ ఒకే ఎత్తున. లేకపోతే పైదాని కోసం కొట్లాట. ఇక జీబ్రాలు బయటికి పోవాలి.

"ఎవరికిస్తావన్నా?"

ఆయన మాట్లాడకుండా కిందికి దిగి, కన్నాలు పొడిచిన చెప్పుల డబ్బాలు మూడు తెచ్చాడు.

సాయంత్రం చిత్తూరు బస్సులో ఒళ్లో మూడు డబ్బాలతో కూచున్నాను. కొత్త జాతి కోసం బయలుదేరినవాడికి దక్కినవి ఇంకో ఆరు జీబ్రాలు. పక్క సీటు పెద్దమ్మ, "లోపల ఏందప్పా, కీచుకీచుమంటా ఉండాయి?" అంది. లవ్‌బర్డ్సని చెప్పేశాను. ఇల్లు చేరి వాటిని మెట్ల కింద వేరే పంజరంలో వదిలి, పిల్లల బ్యాగులోంచి సుద్దముక్క తీసి గోడ మీద ఒక గీత గీశాను.