జేబులో చెవులు

గోడలకు చెవులుంటాయని పెద్దలు ఊరికే అనలేదు. ఇప్పుడా చెవులు ప్రతి జేబులోకీ చేరాయి.

2012 మేలో ఫ్లోరిడాలో, దాతలకు ఏర్పాటు చేసిన విందులో, అమెరికా అధ్యక్ష పదవికి పోటీపడుతున్న మిట్ రామ్నీ మాట్లాడుతూ, అమెరికన్లలో 47 శాతం మంది ప్రభుత్వం మీద ఆధారపడ్డవాళ్లేననీ, వాళ్ల గురించి బెంగపడటం తన పని కాదనీ అన్నాడు. అక్కడ మద్యం అందిస్తున్న ఉద్యోగి కెమెరా అదంతా పట్టేసింది. సెప్టెంబరులో లోకమంతా విన్నది. ఆ రికార్డింగును నేను తప్పుపట్టను. అధికారం అడిగే మనిషి ఓటర్ల ముందు ఒకలా, ధనికుల ముందు మరోలా మాట్లాడితే అది తెలియాల్సిందే.

మరి ఇంట్లోనో? భార్య ఫోన్ సంభాషణలను భర్త రహస్యంగా రికార్డు చేసిన కేసులో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒకప్పుడు ఆ సాక్ష్యాన్ని ఒప్పుకోలేదు. 2017లో సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. 2025లో అదే కోర్టు, దంపతుల మధ్య రహస్య రికార్డింగులు విడాకుల కేసుల్లో సాక్ష్యంగా పనికొస్తాయంది. ఒకరిపై ఒకరు నిఘా పెట్టారంటే ఆ కాపురంలో నమ్మకం అప్పటికే పోయినట్టేనన్నది కోర్టు మాట. కాదనలేను. వేరే రుజువు లేని బాధితురాలికి ఫోనే దిక్కు కావచ్చు. కానీ కోపంలో నోరు జారిన మాటకు కాసేపట్లో మనమే సిగ్గుపడతాం. రికార్డింగుకు ఆ పశ్చాత్తాపం వినపడదు.

బటన్ నొక్కేముందు మిమ్మల్ని మీరు ఒక్కటి ప్రశ్నించుకోండి: ఇది అన్యాయాన్ని బయటపెట్టడానికా, మనిషిని బజారుకీడ్చడానికా? రెండోదైతే ఫోన్ జేబులోనే ఉంచండి.